ముప్పై సెకన్ల నుంచి

మా ఇంట్లో నా బట్టలు వేరే బకెట్లో నానుతాయి. పదకొండేళ్ళ క్రితం మా అత్తగారు ఆకుపచ్చ బకెట్ ఒకటి తెచ్చి, "ఇది నీకుంచుకోమ్మా, తప్పుగా అనుకోకు" అన్నారు, అంతే. నాకున్నది ఎగ్జిమా, అంటుకునే జబ్బు కాదని డాక్టరు ఆవిడ ఎదురుగానే చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపారు. ఇంటిల్లిపాదికీ వండేది ఈ చేతులతోనే, వాళ్ళ కంచాలు తోమేదీ వీటితోనే. ఎక్కడ అంటుకోవాలో, ఎక్కడ అంటుకోకూడదో మా ఇంటి జబ్బుకి బాగా తెలుసు.

మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ ఉండేది. గోకితే రసి కారేది, మానేది, మళ్ళీ పగిలేది. కొరియర్ ఆఫీసులో నన్ను కౌంటరు నుంచి లేపి, "కొన్నాళ్ళు లోపల కూర్చోండి మేడమ్, జనం చూస్తున్నారు" అన్నాడు మేనేజరు. ఆ కొన్నాళ్ళకి నాలుగేళ్ళు నిండాయి. పిల్లలెందుకు కలగలేదని చుట్టాలు నన్నే అడిగేవాళ్ళు. అన్నీ దిగమింగాను. మింగుడు పడనిది ఒక్కటే, మా ఆయన పక్క గదిలోకి మారిపోవడం. "నీ మీద కోపమేం లేదే. ముట్టుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది, నేనేం చెయ్యను? ముందు తగ్గనీ" అన్నాడు. ఆ 'ముందు తగ్గనీ'ని పట్టుకుని పదకొండేళ్ళు బతికాను. అందుకే డాక్టరు లైటు వైద్యం అనగానే, ఎన్నిసార్లు రావాలని కూడా అడక్కుండా ఒప్పేసుకున్నాను.

వారానికి మూడు రోజులు వెళ్ళాలి. నిలువెత్తు బీరువా లాంటి పెట్టె, లోపల చుట్టూ ట్యూబులైట్లు. కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని, లోపలి బట్టలతో నిలబడాలి. నర్సు నాకంటే పదేళ్ళు చిన్నది. మొదటిరోజే అన్నీ విడమరిచి చెప్పింది.

"మొదట ముప్పై సెకన్లే అక్కా. ఒళ్ళు అలవాటు పడేకొద్దీ పెంచుతాం. ఇవాళ ఏం కప్పుకుంటే రోజూ అదే కప్పుకోవాలి. మధ్యలో కొత్త చోటు బయటపెట్టారనుకోండి, దానికి అలవాటుండదు కదా, కాలిపోతుంది. ఉంగరం తీస్తారా?"

"ఉండనీలే" అన్నాను. అది పెళ్ళినాటి ఉంగరం. సబ్బునీళ్ళు చేరి దాని కిందే అన్నిటికంటే ఎక్కువ దురద. అయినా తియ్యబుద్ధి కాలేదు.

మధ్యలో రెండుసార్లు మానెయ్యాల్సి వచ్చింది. అత్తగారి మోకాలి ఆపరేషనుకి ఒకసారి, ఆడపడుచు ఇల్లు మారితే సామాను సర్దిపెట్టడానికి ఇంకోసారి. మానేస్తే సెకన్లు తగ్గించేస్తారు, మళ్ళీ కింది నుంచి ఎక్కాలి. "నిలబడటమేగా, ఆ నిలబడేదేదో డాబా మీద ఎండలో నిలబడు" అన్నాడు మా ఆయన. నిలబడటం నాకు కొత్తా? స్టవ్ ముందు నిలబడే ఒళ్ళే కదా ఇది.

పదోసారికి దురద నెమ్మదించి, కంటినిండా నిద్రపట్టింది. ఇరవై దాటేసరికి మోచేతి మడత నున్నబడింది. ఒళ్ళు మాత్రం నల్లబడింది. "తగ్గితే తగ్గింది గానీ, ఉన్న రంగు కాస్తా పోయింది" అన్నారు అత్తగారు. నేను పట్టించుకోలేదు. ప్రతిసారీ పెట్టెలోకి వెళ్ళేముందు, ఎర్రబడిందేమోనని నర్సు నా చేతిని బొటనవేలితో నొక్కి చూసేది. ఇన్నేళ్ళలో జంకకుండా నన్ను ముట్టుకున్న చెయ్యి అదొక్కటే. ఆ ఒక్క నిమిషం కోసమే వెళుతున్నానేమో అనిపించి సిగ్గుపడేదాన్ని.

మొన్న ఆదివారం మధ్యాహ్నం తలంటుకుని, పదకొండేళ్ళ తర్వాత పొట్టి చేతుల బట్టలు వేసుకున్నాను. మా ఆయన తన గదిలో పేపరు చదువుకుంటున్నాడు. "చూడు, తగ్గిపోయింది" అని చెయ్యి చాపాను.

కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అవునే, బాగా తగ్గింది" అన్నాడు. చెయ్యి మాత్రం పేపరు మీద నుంచి కదల్లేదు. నేనే ఆ చెయ్యి తీసి నా మోచేతి మీద పెట్టుకున్నాను. క్షణం ఉంచి, మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు.

"సంతోషమే. కానీ నాకు ఒక్కణ్ణే ఉండటం అలవాటైపోయిందే. ఇప్పుడు మళ్ళీ ఇవన్నీ ఎందుకు? నువ్వు హాయిగా ఉన్నావు, అది చాలదూ?"

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాలుగు దులిపేసి ఉండేదాన్ని. వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఇన్నేళ్ళూ నా చర్మాన్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! పాపం, దాని తప్పేం లేదు. ఏడుపు ఆగాక సబ్బు నురగ పెట్టి ఉంగరం తీశాను. పదహారేళ్ళది, ఊడి రావడానికి చాలాసేపు పట్టింది. కింద చర్మం తెల్లగా పాలిపోయి, పొట్టు రేగి ఉంది.

మర్నాడు నర్సు నా వేలు చూసి గాభరా పడింది.

"అయ్యో, ఇప్పుడు తీశారేంటక్కా! మిగతా ఒంటికి నాలుగు నిమిషాలు ఇస్తున్నాం. ఈ చోటు ఒక్క రోజు కూడా లైటు చూడలేదు, కాలిపోతుంది. మళ్ళీ పెట్టేసుకోండి."

"పెట్టుకోనమ్మా" అన్నాను. "వేలికి గుడ్డ చుడతాను, నువ్వు చెప్పినప్పుడు విప్పుతాను. దీనికి మాత్రం ముప్పై సెకన్ల నుంచి మొదలుపెట్టు."