సీటు మీద సంచి

సంచిలో ఉన్నది కుక్కరు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మేలు. శ్రీకర్‌కి ఆ మధ్యాహ్నం అది తెలిసి కూడా ఏమీ ఉపయోగపడలేదు.

కుక్కరంటే ఒట్టి కుక్కరా? తెనాలి నుంచి అత్తగారు పంపిన అయిదు లీటర్లది. విమానంలో సామాను బరువు సంగతి తెలిసిన ఇల్లాలు గిన్నెను ఖాళీగా పంపుతుందా! లోపల కందిపొడి, కారప్పొడి పొట్లాలు కుక్కి, దేవుడి గూటికని రంగు బల్బుల తీగ చుట్ట పెట్టి, మూత బిగించి, పాత తువ్వాలు చుట్టి, చుట్టూ బ్రౌన్ టేపు వేసింది. టేపు మీద మార్కరుతో అల్లుడి పేరు, మాంచెస్టర్ అడ్రసు పోస్ట్‌కోడ్‌తో సహా రాసింది. దాన్ని మోసుకొచ్చింది ఇండియా వెళ్లొచ్చిన ఆంజనేయప్రసాద్ అంకుల్. సిటీలో ఆయన ఫ్లాట్‌కి వెళ్లి తీసుకుని, తొమ్మిదేళ్ల కూతురు రుచితతో శ్రీకర్ ట్రామెక్కాడు.

అది రెండువేల ఏడు జులై. గ్లాస్గో విమానాశ్రయం మీదికి మండే జీపు దూసుకెళ్లి మూడు వారాలైంది. అందులో ఒకడు బెంగళూరు వాడని పేపర్లో వచ్చిన రోజు నుంచీ ఆఫీసులో శ్రీకర్‌ని ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అతనికి భయంగా ఉండేది. పైగా శాశ్వత నివాసం అర్జీ ఇంకా హోమ్ ఆఫీసులోనే నానుతోంది.

దానికి తోడు ఈ పాటొకటి. ఆ వేసవంతా ఏ ఛానల్ పెట్టినా అదే. ట్యూనేమో హుషారుగా ఉంటుంది. వీడియోలో ట్రాము సీటు మీద ఒక సంచి, పక్కన ఎవరూ ఉండరు. చేతికర్ర ముసలావిడ దాన్ని చూసి లేచి వెళ్లిపోతుంది. సూటాయన పేపరు మడిచి లేస్తాడు. హుడీ కుర్రాడూ, తలకి గుడ్డ చుట్టుకున్న తల్లీ అంతే. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అందరూ దిగిపోతారు, ఖాళీ ట్రాము సంచిని మోసుకుంటూ పోతుంది. సంచిలో ఏముందో చూపించరు. ఈ దేశం ఎలా తయారైందో మూడు నిమిషాల్లో చూపించేశారని ఆఫీసులో మెచ్చుకుంటే, శ్రీకర్ కూడా నవ్వి తలూపాడు. ఇంట్లో రుచిత ఆ పాట పాడితే మాత్రం టీవీ కట్టేసేవాడు.

సరిగ్గా ఆ పాటే ట్రాములో ఎవరో పిల్ల ఫోన్లో మోగింది. ఒకరిద్దరు తలలెత్తారు. పాట కోసం ఎత్తారో, ఇతని ఒళ్లో సంచిని చూసి ఎత్తారో దేవుడికెరుక. శ్రీకర్‌కి మాత్రం అందరి కళ్లూ తన మీదే ఉన్నాయనిపించింది. సంచి తనది కాదన్నట్టు నెమ్మదిగా పక్క సీటు మీదికి జరిపాడు. కాసేపటికి ఆ సీట్లోనూ కూర్చోలేక, రుచిత చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. ఏం తెలివి, ఏం తెలివి! తమ స్టేషన్ రాగానే దిగారు.

తలుపులు మూసుకుని ట్రాము కదిలాక రుచిత అడిగింది: "డాడీ, అమ్మమ్మ కుక్కర్ ఎక్కడ?"

పై ప్రాణాలు పైనే పోయాయి. ట్రాము వాళ్లకి ఫోన్ చేద్దామని తీశాడు. ఏమని చెప్పాలి? లోహపు గిన్నె, దాన్నిండా పొడి, అందులో తీగలు అనా? ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. పారిపోదామా అంటే పేరూ ఊరూ అత్తగారి గుండ్రటి అక్షరాల్లో టేపు మీద ఉన్నాయి. చివరి స్టేషన్ ఆల్ట్రించమ్ దాకా వెళ్లి ఆ ట్రామే వెనక్కి వస్తుంది. రాకపోతే మాత్రం వచ్చేది పోలీసులే. పిల్లని లాక్కుని అవతలి ప్లాట్‌ఫామ్ మీదికి పరిగెత్తాడు.

బోర్డు మీద పదకొండు నిమిషాలు. తర్వాత ఏడు. తర్వాత నాలుగు దగ్గర ఆగి, ఎంతకీ కదల్లేదు. ఎక్కడో సైరన్ మోగింది. బెంచీ మీద కూలబడ్డాడు.

"ఎవరైనా వచ్చి అడిగితే నువ్వేం మాట్లాడకమ్మా," అన్నాడు. "అమ్మ నంబరొక్కటే చెప్పు."

అప్పటిదాకా హాయిగా ఉన్న పిల్ల ముఖం పాలిపోయింది. అది చూసి శ్రీకర్‌కి ఏడుపొచ్చింది.

ట్రాము వచ్చింది. కిటికీ పక్కన ఒక తెల్ల ముసలావిడ, ఆవిడ పక్క సీట్లో సంచి. ఆవిడ చెయ్యి సంచి మీదే ఉంది. వీళ్లని చూడగానే సంచి ఎత్తుకుని దిగింది.

"మీరు దాన్ని జరపడం చూశాను," అంది. "ఆ వీడియో నేనూ చూశాను. చచ్చేంత భయమేసింది. చివర్న అందరూ దిగాక డ్రైవరు వచ్చి ఎవరిదని అడిగాడు. నాదేనన్నాను."

ఆవిడ ఇల్లు ఆల్ట్రించమ్‌లోనేనట. తన స్టేషన్లో తను దిగకుండా, సంచి కోసం వెనక్కి వచ్చింది. లోపల పప్పు ఉడికించుకునే కుక్కరుందని శ్రీకర్ టేపు పీకి చూపించబోయాడు. అక్కర్లేదని, రుచిత తల నిమిరి, మళ్లీ తన ట్రాము కోసం అవతలి ప్లాట్‌ఫామ్‌కి నడిచింది.

ఇంటికి నడుస్తుంటే సగం దారిలో రుచిత అడిగింది: "డాడీ, అది ఇంకెవరిదో బ్యాగ్ అయితే, వుడ్ యూ హావ్ స్టేడ్?"

శ్రీకర్ సంచి చెయ్యి మార్చుకున్నాడు.

"లేదమ్మా," అన్నాడు. "నా సంచి పక్కనే కూర్చోలేకపోయాను కదా."