చిన్న పుల్లీ

దసరా వెళ్లిన మర్నాటి నుంచి మంగ్లి తన ఇంట్లోకి అడుగు పెట్టలేదు. అత్త హేమ్లి పెట్టనివ్వలేదు. "నీ బంతిపూల దండే నా కొడుకును మింగింది" అంటూ ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే, అదేం మాటమ్మా అన్న నాథుడు తండాలో ఒక్కడు లేడు. మంగ్లి ఇద్దరు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకుని కోళ్ల గూడు పక్కన తడిక కింద పడుకుంటోంది.

ఈ కబురు అందేసరికి మెకానిక్ జస్టిన్ కొత్తగూడెంలోని తన షెడ్డులో, మంగ్లి మొగుడు రెడ్యా ప్రాణం తీసిన కారునే విప్పుతున్నాడు. పర్ణశాల దారిలో, మలుపు దగ్గర, మద్దిచెట్టుకు గుద్దుకున్న కారు.

కారు రెడ్యాది కాదు. కంకర కాంట్రాక్టరు జగదీష్‌ది. వాడికి పందేల పిచ్చి. అడవి రోడ్డు మీద తోటి కాంట్రాక్టర్లతో పందెం కట్టి, స్టీరింగు మాత్రం డ్రైవర్ రెడ్యా చేతికిచ్చేవాడు. తన ప్రాణం తీపి మరి! ఆ కారుకు విదేశం నుంచి తెప్పించిన సూపర్‌చార్జర్‌ను బిగించింది జస్టినే.

మామూలు ఇంజన్ తనకు చాతనైనంత గాలి పీల్చుకుని ఊరుకుంటుంది. సూపర్‌చార్జర్ ఊరుకోనివ్వదు. అందులో రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతూ గాలిని లాగి ఇంజన్‌లోకి కుక్కుతాయి. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. రోటర్లను తిప్పేది కూడా ఆ ఇంజనే, ఒక బెల్టుతో. రోటర్ల వైపు బెల్టు ఎక్కే చక్రం, అంటే పుల్లీ, ఎంత చిన్నదైతే రోటర్లు అంత జోరుగా తిరుగుతాయి. కానీ కుక్కిన గాలి వేడెక్కుతుంది. మరీ కుక్కితే ఆ వేడికి పెట్రోలు వేళ కాకముందే పేలి, పిస్టన్‌ను సుత్తితో బాదినట్టు బాదుతుంది.

పండగ ముందు జగదీష్ వచ్చి ఒక చిన్న పుల్లీని బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎక్కియ్. ఈసారి మనమే ముందుండాలె."

"వద్దు సార్. ఇంజన్ ఓర్వదు. పిస్టన్ కాలిపోతది."

"నీతోని కాకుంటే చెప్పు. ఖమ్మంల ఇంకోన్ని చూసుకుంట."

ఆ మాట జస్టిన్‌కు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నాతో కాదంటాడా! పళ్లు కొరుకుతూ పుల్లీ ఎక్కించి, బోల్టులు కసిగా బిగించాడు.

పండగనాడు పందేనికి ముందు తండాలో కారుకు పూజ చేశారు. మంగ్లి కుంకుమ బొట్లు పెట్టి, బానెట్ తెరిపించి, సూపర్‌చార్జర్ గాలి పీల్చే మూతికి బంతిపూల దండ చుట్టింది. తండా అంతా చూస్తుండగానే చుట్టింది. అందుకే, నుజ్జయిన కారులో ఆ మూతికున్న జాలికి అంటుకున్న పూరేకులు చూపించి "దండ లోపలికి పోయింది, ఇంజన్ పట్టేసింది" అని జగదీష్ అంటే అందరూ నమ్మేశారు.

ఇప్పుడు సూపర్‌చార్జర్‌నూ, ఇంజన్ పైనుండే హెడ్డునూ ఊడదీసి చూస్తే రోటర్లు శుభ్రంగా ఉన్నాయి. రేకులు జాలి దాటి లోపలికి పోనేలేదు. పోయి అడ్డం పడ్డా, గాలి చాలక ఇంజన్ నీరసించి ఆగిపోవాలి. కాలదు కదా. మూడో పిస్టన్ నడినెత్తిన బొటనవేలు దూరేంత బొక్క పడి ఉంది, అంచులు కరిగి. పిస్టన్ కాలి, ఇంజన్ పట్టేసి, మలుపులో చక్రాలు బిగుసుకుపోయాయన్నమాట. జస్టిన్ అక్కడే చతికిలబడి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు.

సాయంత్రం జగదీష్ వచ్చి పిస్టన్ వైపు ఒక్క చూపు చూశాడు.

"పూలదండ అని చెప్పినం. గట్లనే ఉండనియ్. పుల్లీ ముచ్చట బయటికొస్తే ముందు జైలుకు పోయేది నువ్వే. బిగించింది ఎవరు?"

"నేనే సార్."

"మరి నోర్మూసుకో."

మూసుకుంటే సరిపోయేది, అడిగేవాళ్లు లేరు. కానీ మంగ్లి బతికినన్నాళ్లూ మొగుణ్ని తన చేతులతోనే చంపుకున్నాననుకుంటుందే! తెల్లారగానే జస్టిన్ పిస్టన్‌ను గుడ్డలో చుట్టుకుని బండి మీద తండాకు పోయాడు.

అతన్ని చూడగానే మంగ్లి బావురుమంది. "నేనే సంపుకున్న అన్నా. మంచిగుండాలెననే కట్టిన."

"నువ్వు కాదు చెల్లె." జస్టిన్ పిస్టన్ తీసి హేమ్లి చేతిలో పెట్టాడు. "అమ్మా, పూలకు గిట్ల బొక్క పడదు. ఇంజన్ ఓర్వనంత గాలి కొట్టే పుల్లీ ఎక్కిచ్చిన్రు. దానికే కాలింది. జగదీష్ సార్ ఎక్కియ్యమన్నడు, ఎక్కిచ్చింది నేను. కాలుతదని ఎరుకుండే ఎక్కిచ్చిన."

హేమ్లి బొక్కలో వేలు పెట్టి తడిమింది. ఆ తర్వాత గుమ్మంలోంచి లేచి పక్కకు జరిగి, పిల్లల్ని లోపలికి తీసుకెళ్లమని కోడలి మొహం చూడకుండానే లంబాడీలో చెప్పింది.

మంగ్లి కదల్లేదు. కళ్లు తుడుచుకుని జస్టిన్‌కు ఎదురుగా వచ్చి నిలబడింది.

"కాలుతదని నీకెరుక."

"అవ్."

"ఆయనకు చెప్పినవా?"

పందెం పొద్దున రెడ్యా షెడ్డుకు వచ్చి, చాయ్ తాగి, నవ్వుతూ తాళంచెవి తీసుకున్నాడు. చెబితే భయపడి కాలు వెనక్కి తీస్తాడు, ఓడితే నా పనితనాన్నే తిడతారు అనుకున్నాడు జస్టిన్ ఆ పూట.

"చెప్పలే."

"గట్టిగ చెప్పు" అంది మంగ్లి. "నన్ను తిట్టినోళ్లందరు వినాలె."

జస్టిన్ తలెత్తి, గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. ఇళ్ల ముందు నిలబడ్డవాళ్లంతా విన్నారు. తడిక కింద కూర్చున్న రెడ్యా కూతుళ్లిద్దరూ విన్నారు.