బరువు గంట

టవర్ క్రేన్ నడిపేవాడికి చేతులు వణకకూడదు, కడుపు అదుపులో ఉండాలి. ఎత్తున ఉండే ఆ గదిలో కుర్చీ ఉంటుంది గాని మరుగుదొడ్డి ఉండదు. పెద్దపేగుకు వాపు, పుండ్లు వచ్చిన నాటి నుంచి అతడు డ్యూటీకి ముందు ఏమీ తినడం లేదు. అయినా మాటిమాటికీ దిగవలసి వచ్చేది. కింద సైగలిచ్చేవాడు వాకీటాకీలో, "ఏంటన్నా, నిచ్చెనతో కాపురం పెట్టావా?" అని ఆటపట్టించేవాడు.

పనిలో అతడు నిక్కచ్చి మనిషి. మితిమీరిన బరువు ఎత్తితే క్రేన్‌లో గంట మోగుతుంది. ఆ మోత భరించలేక గంటలో గుడ్డ కుక్కిన తోటి ఆపరేటర్‌ని అతడే పట్టుబట్టి పనిలోంచి తీయించాడు.

డాక్టరమ్మ ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు విరేచనంలో పడే రక్తాన్ని ఆపాయి, కానీ చేతులకు వణుకు తెచ్చాయి. వణికే చేతులకు క్రేన్ అప్పగించరు. ఆ భయంతోనే సీబీడీ నూనె కొన్నాడు. గంజాయి మొక్క నుంచి తీసిందే అయినా మత్తెక్కదని దుకాణంవాడు చెప్పాడు. నాలుక కింద వేసుకుంటే మెలిపెట్టే నొప్పి సద్దుమణిగింది, నిద్ర పట్టింది. నొప్పి తగ్గింది కనుక జబ్బు తగ్గిందనుకున్నాడు. అలా అనుకున్నాడు కనుక మాత్రలు మానేశాడు. మళ్లీ రక్తం కనిపించినా భార్యకు చెప్పలేదు.

చివరికి క్రేన్ గదిలోనే స్పృహ తప్పాడు. తాళ్లు కట్టి దించి ఆసుపత్రిలో చేర్చారు.

నూనె నొప్పిని తగ్గించిందే గాని వాపును తగ్గించలేదని, మాత్రలతో పాటు వాడతానని అడిగి ఉంటే ఆలోచించేదాన్నని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రానికల్లా సెలైన్‌లో ఎక్కిస్తున్న స్టెరాయిడ్ పని చేయకపోతే పెద్దపేగు తీసేయాలి. ఈలోగా పేగుకు చిల్లు పడవచ్చు. ఆ సంగతి ముందుగా తెలిపేది నొప్పే కనుక, అది ఏ మాత్రం మారినా వెంటనే చెప్పాలి.

డాక్టరమ్మ వెళ్లాక భార్య అతని మీద దుప్పటి సరిచేసింది. తరువాత మెల్లగా, "గంటలో గుడ్డ కుక్కినవాణ్ణి ఇంటికి పంపింది నువ్వేగా" అంది.

అతడు గోడవైపు తిరిగాడు. "బరువు దిగిందనే అనుకున్నానే."

మధ్యాహ్నం దాటేసరికి నొప్పి తిరగబెట్టింది. అతడు మెలికలు తిరగడం చూడలేక ఆమె సంచిలోంచి నూనె సీసా తీసింది. మూత తిప్పుతూ, "డాక్టరమ్మకు చెప్పనులే. ఒక్క చుక్క వేసుకో" అంది.

అతడు పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాడు.

"వద్దే. మోగనీ."

మంచం కమ్మీని పట్టుకున్న అతని చేతులు స్టెరాయిడ్‌కు అప్పటికే మళ్లీ వణకడం మొదలుపెట్టాయి.