నలభై సెకన్లు

ఆఫీసులో అందరూ ఆమెను గొంతమ్మ అనేవారు. మనశ్శాంతి అమ్మే ఒక ఫోన్ యాప్‌కి ధ్యానం పాఠాలు రాసి, తనే చదివి రికార్డు చేయడం ఆమె ఉద్యోగం. ఏడేళ్ళలో ఆమె చదివిన కొండలకూ సెలయేళ్ళకూ అంతు లేదు. వాటిలో ఒక్కదాన్నీ ఆమె చూడలేదు, నమ్మలేదు. ఈ మధ్య రాసిన పాఠం మాత్రం వేరు. అది అక్క కోసం రాసింది.

బావ పోయాక అక్క దేవుడి మీద అలిగింది. తుంటి విరిగి మంచం పట్టాక మనుషుల మీదా అలిగింది. "నీ కొండలు నాకెందుకే? నేను మెట్లే దిగలేను," అనేది. అందుకే గొంతమ్మ కొండలు మానేసి గది కట్టమంది. "మీ మనసులో ఒక గది కట్టండి. కిటికీ ఎటువైపో మీరే చూసుకోండి. ఒక కుర్చీ వేయండి. ఇప్పుడు తలుపు తీయండి. ఎవరొచ్చారో చూడండి." ఆ తరవాత నలభై సెకన్లు ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోటే పాఠమంతా ఉంది.

పాఠం యాప్‌లోకి వచ్చిన రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. 

"మీ బావ గడియారాల కొట్టు కట్టానే. తలుపు తీశాను. చెప్పుల చప్పుడు కూడా వినబడింది. ఇంతలో బయటికి వచ్చెయ్యమన్నావు. నీకంత తొందరేమొచ్చింది?"

గొంతమ్మ తన పాఠం తను విన్నది. "ఎవరొచ్చారో చూడండి" అన్న మాటకు అతుక్కునే "ఇప్పుడు మెల్లగా బయటికి రండి" అని ఉంది. మధ్యలో ఊపిరి పీల్చేంత సందు లేదు.

రికార్డింగులు సరిచేసే అతన్ని కత్తెర అంటారు. ఆమె వెళ్ళేసరికి అతను నింపాదిగా టీ తాగుతున్నాడు.

"ఖాళీ కనబడితే మెషినే కోసేస్తుందండీ. అన్ని పాఠాలకీ అంతే. రెండేళ్ళయింది."

"ధ్యానంలో మౌనాన్ని కోసే మెషిన్ పెట్టారా?"

"మీకు తెలుసనుకున్నానండీ. అసలు కాపీలు కూడా ఉంచడం లేదు."

తెలియదు. ఈ రెండేళ్ళలో తన పాఠం ఒక్కటైనా తను వింటే కదా తెలియడానికి. సిగ్గుతో మొహం కాలిపోయింది. ఆ మంటతోనే మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"ఖాళీ వస్తే జనం యాప్ మూసేస్తున్నారమ్మా," అన్నాడాయన, ఎంతో ఓపికగా. "పోనీ, ఎవరొచ్చారో మనమే చెప్పేద్దాం. తెల్లబట్టల్లో ఒక పెద్దాయన, చేతిలో దీపం. అందరికీ నచ్చుతుంది."

గొంతమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"అక్కడికి రావలసింది మా బావండీ. ఆయన జన్మలో తెల్లబట్టలు కట్టలేదు, నూనె మరకలవుతాయని."

"మీరు మరీ సొంత విషయంలా తీసుకుంటున్నారు."

"ఒక మనిషి తన మనసులో తను గది కట్టుకుంటే, అందులోకి మీ మనిషిని పంపిస్తారా? ఊహించుకునే పని కూడా మీరే చేసేస్తే ఇంక వాళ్ళకి మిగిలేదేముంది? ఇది సొంత విషయం కాకపోతే ఇంకేది సొంతమండీ?"

ఆయన గడియారం చూసుకున్నాడు. ఆమె మెడలోని ఆఫీసు కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

నేరుగా అక్క దగ్గరికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, పాఠం నోటితోనే చెప్పింది. అక్క కళ్ళు మూసుకుంది. గది, కిటికీ, కుర్చీ, తలుపు అయ్యాయి. "ఎవరొచ్చారో చూడు," అని ఆగింది.

నిండా పది సెకన్లయినా గడిచాయో లేదో, గొంతమ్మ నాలుక దురదపెట్టింది. ఏదో ఒకటి అనకపోతే కొంప మునిగేలా ఉంది. ఆ దిక్కుమాలిన మెషిన్ తన నోట్లోకి ఎప్పుడు చేరిందో ఆమెకే తెలియదు.

"ఇప్పుడు మెల్లగా..." అనేసింది.

అక్క కళ్ళు తెరవకుండానే చెయ్యి పైకెత్తింది.

"నోరు ముయ్యవే. ఆయనింకా చెప్పులు విప్పుతున్నాడు."