తోకమావయ్య చేతికర్ర

గుడారాలు లేచిపోయిన చోట గడ్డి ఇంకా నలిగే ఉంది. తోకమావయ్య నడుం వంచి, ఆ నలిగిన జాగాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ తిరిగాడు. మట్టిలో వదిలేసిన గుడారం మేకొకటి పీకి సంచిలో వేసుకున్నాడు. చాక్లెట్ కాగితం ఏరాడు. రాయి మీద ఆరేసి మరిచిపోయిన ఒంటి మేజోడు కనబడితే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీ జోడీ ఎవరి కాలికుందో పాపం" అని పలకరించి జేబులో కుక్కుకున్నాడు. బృందం అప్పటికే వరసకట్టి కొండదారి పట్టింది. వంటవాళ్ళు సామాను గాడిదల మీద కట్టుకుని అడ్డదారిన ఎప్పుడో వెళ్ళిపోయారు. వంటగుడారం ఉన్న చోట ఇప్పుడు మిగిలింది నేలలో పాతి ఉన్న ఆయన చేతికర్ర ఒక్కటే. దాన్ని కూడా పీకేసి, మొనకి అంటిన మట్టిని బూటుకి రాసి తుడిచి, ఆయన బయలుదేరాడు.

ఆ నేషనల్ పార్కులో, పూటకో మకాం వేసుకుంటూ జనాన్ని కొండల మీదుగా నడిపించే సంస్థలో ఆయన ఉద్యోగం అందరికంటే వెనక నడవడం. అంతే. దారి చూపించడానికి ముందు గైడుగా ఆయన మేనకోడలు ఉంటుంది. వెనక ఎవరూ మిగిలిపోకుండా చూడడానికి ఈయన. అందుకే తోక అన్నారు, ఆ మేనకోడలు మావయ్యా అని పిలవడం విని తోకమావయ్య అన్నారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది.

సాయంత్రం మకాం చేరగానే ఆయన వంటగుడారం ముందు కర్ర పాతేవాడు. అది కనబడగానే లోపల్నించి వంటామె గరిటెతో గంగాళం మూత మీద టంగుటంగుమని కొట్టేది. అందరూ చేరిపోయారు, ఇక కంచాలు పట్టుకు రండి అని దానర్థం. కర్ర కనబడందే ఆవిడ గరిటె ముట్టదు. ఒకసారి పార్కు పెద్ద అధికారి ఎవరో ఆకలికి ఆగలేక తొందరపెడితే, "అడవి మీదే కావచ్చు బాబూ, గరిటె నాది" అని మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుందట. భోజనాల దగ్గర తోకమావయ్య జేబులు ఖాళీ చేసేవాడు. దారిలో ఏరిన టోపీలు, చేతితొడుగులు, సీసా మూతలు, కళ్ళజోళ్ళు ఒక్కొక్కటే పైకెత్తి వేలంపాట పాడుతుంటే, పోగొట్టుకున్నామని తెలియనివాళ్ళు కూడా నాదే నాదే అని నవ్వుతూ లేచేవాళ్ళు.

మనిషి పొట్టి. పాదాలు మాత్రం వెడల్పు. చెవులు ఎప్పుడూ ఏదో వింటున్నట్టు పక్కలకి నిక్కి ఉంటాయి. ఏళ్ళ తరబడి నేల చూస్తూ నడిచినందువల్ల మెడ కాస్త ముందుకు వంగిపోయింది. ఆయనకి మనుషుల ముఖాలు గుర్తుండవు. మడమలు గుర్తుంటాయి, బూటు ఏ పక్క అరిగిందో గుర్తుంటుంది, సంచి ఏ భుజానికి జారుతుందో గుర్తుంటుంది. బజారులో ఎవరైనా ఎదురుపడి, "బాగున్నారా, పోయినేడు మీతో కొండెక్కాం కదా!" అంటే తెల్లమొహం వేసి, "ఒక్కసారి అటు తిరుగు బాబూ" అనేవాడు. తిరగ్గానే ఆయన మొహం వెలిగిపోయేది. "నువ్వా! కుడికాలు ఈడ్చేవాడివి కదూ!"

ఇంటికొచ్చినా ఆ అలవాటు పోలేదు. భార్యతో సంతకెళ్ళినా నాలుగడుగులు వెనకే. ఆవిడ చరచరా నడిచే మనిషి. నడివీధిలో ఆగిపోయి, "పక్కన నడవవయ్యా బాబూ, జేబుదొంగలా వెనకెందుకు?" అని కసిరేది. ఆ కాసేపూ పక్కకొచ్చి, మళ్ళీ మెల్లిగా వెనక్కి జారేవాడు. అంత తొందర మనిషి, వెళ్ళిపోవడంలో కూడా తొందరపడింది. పోయే ముందు శీతకాలంలో తన ఎర్ర దుప్పటి అంచు చింపి, ఆయన చేతికర్ర పిడికి గట్టిగా చుట్టి కుట్టింది, అరచెయ్యి కందకుండా. ఆ గుడ్డ ఇప్పుడు ఎరుపో నలుపో చెప్పలేని రంగుకొచ్చింది.

ఈ సీజన్లో ఆయనకో కొత్త అలవాటైంది. ఎక్కుడు దారిలో ఊపిరి అందక ఎడమరొమ్ము మీద ఎవరో మోకాలుపెట్టి నొక్కినట్టు అవుతుంటే, వంగి బూటు లేసు కట్టుకునేవాడు. కట్టుకున్నంతసేపూ తల దించుకుని ఉండొచ్చు. ఎవరూ ఏమీ అడగరు.

ఎవరూ అడగలేదు, ఈసారి వచ్చిన దర్జీ ఆవిడ తప్ప. ఆవిడ బృందంలో అందరికంటే నెమ్మది మనిషి. లావుపాటి కళ్ళజోడు, మెళ్ళో అలవాటుగా వేలాడే కొలతల టేపు. కూతురు పోరు పెట్టి లాక్కొచ్చింది, లాక్కొచ్చి తను స్నేహితులతో ముందు నడుస్తోంది. "జీవితమంతా మిషన్ తొక్కాను అన్నయ్యా. తొక్కిందంతా కలిపితే ఈ కొండలెన్ని దాటేదాన్నో! తీరా చూస్తే ఉన్న గది దాటలేదు" అని మొదటిరోజే నవ్వించింది. అప్పట్నించీ మలుపు తిరిగినప్పుడల్లా వెనక్కి చూడకుండానే, "ఉన్నావా అన్నయ్యా?" అని కేకవేసేది. "వెనకే ఉన్నానమ్మా, నడువు" అనేవాడాయన. రోజంతా అదే పాట.

ఆవేళ ఎక్కుడులో ఆయన మళ్ళీ లేసు కట్టుకుంటుంటే ఆవిడ ఆగింది.

"ఆ లేసు ఇలా తీసియ్యి. ఇంటికి తీసుకుపోయి డబుల్ కుట్టు వేసిస్తాను. మళ్ళీ ఊడితే అడుగు."

"పాత బూట్లమ్మా."

"బూట్లు బాగానే ఉన్నాయి" అంది ఆవిడ, ఆయన మొహంకేసి చూసి. ఆ తర్వాత తనకి ఆయాసం వచ్చినా రాకపోయినా ప్రతి రాయి దగ్గరా కూలబడి, "అబ్బ, నావల్ల కాదు, కాసేపు ఆగు" అనడం మొదలుపెట్టింది. ఆయనకి అర్థమైంది. అర్థమైనట్టు కనబడకుండా పక్కరాయి మీద కూర్చుని, మంచినీళ్ళు తాగాడు.

కనుమ మీద గాలికి ఓరగా కూర్చుని రొట్టెలు తింటున్నప్పుడు మేనకోడలు పక్కన చేరింది. ఆయన చెల్లెలి కూతురు. నడక నేర్చిన కొత్తలో ఆయన భుజమెక్కి ఈ కొండలు చూసింది. ఇప్పుడు గైడు.

"మావయ్యా, రేపు కిందికి దిగాక పార్కు గేటు దగ్గర నీ కొత్త ఉద్యోగం గది చూసొద్దాం. కుర్చీ కూడా వేయించాను."

"కుర్చీలో చూడ్డానికేముందే? నాలుగు కాళ్ళుంటాయి."

"దీనికి చక్రాలు కూడా ఉన్నాయి."

"అయితే అది కూడా నాకన్నా ముందే పోతుందన్నమాట."

ఆమె నవ్వలేదు. "నీ మొహం ఎలా ఉందో చూసుకున్నావా?"

"అందరూ నా ముందుంటే నా మొహం ఎవరు చూస్తారే?"

"నేను చూస్తున్నాను కదా!"

ఆయన రొట్టెముక్క తుంచి చేతిలోనే పెట్టుకుని కిందికి చూశాడు. లోయలో, ఏటి పక్కన, ఆఖరి మకాం వేసే పచ్చిక కనబడుతోంది. గేటు గదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ ముఖాలు చూడడం ఆయన ఊహకి అందలేదు. భయం కూడా వేసింది. "సరేలేవే. నువ్వు కూర్చోమంటే కూర్చుంటాను. కాని ఈ నడక మాత్రం నన్ను ముగించనీ. ఒక్కళ్ళు కూడా నా వెనక మిగలకుండా అందర్నీ దింపేసి, కర్ర పాతేస్తాను. అది ఒక్కటే అడుగుతున్నా."

ఆమె ఆయన వంగిన మెడ మీద చెయ్యివేసి, కాసేపు అలాగే ఉంచి, లేచి ముందుకు వెళ్ళిపోయింది.

దిగుడు ఎక్కుడుకంటే కష్టం. జారే రాళ్ళు. ముందువాళ్ళు నవ్వుకుంటూ దిగిపోయారు. తోకమావయ్య నీలం టోపీ ఒకటి, సీసా మూత ఒకటి ఏరుకుంటూ దర్జీ ఆవిడ వెనకే దిగాడు. మకాం ఇక రెండు మలుపులుందనగా ఆవిడ కర్ర రాళ్ళ మధ్య ఇరుక్కుని ఫట్‌మని విరిగింది. ఆవిడ అక్కడే కూర్చుండిపోయి, విరిగిన ముక్కకేసీ దారికేసీ మార్చిమార్చి చూసింది. ఈసారి నిజంగానే భయపడింది.

తోకమావయ్య తన కర్ర ఆవిడ చేతికిచ్చాడు. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరికీ ఇచ్చి ఎరగడు.

"మరి నీకో?"

"నాకీ దారి కొట్టినపిండి. నువ్వు నడువమ్మా, నేను వెనకే ఉన్నాను."

ఆవిడ ఆ పాత ఎర్రగుడ్డ పట్టుకుని ఒక్కో అడుగే దిగింది. మొదటి మలుపు దగ్గర కేకవేసింది. "ఉన్నావా అన్నయ్యా?"

"వెనకే ఉన్నా, నడువు."

అప్పటికే ఆయన కూర్చున్నాడు. దారి పక్క నునుపుగా ఒక బండ ఉంది, వీపు ఆన్చుకోవడానికి వీలుగా. రొమ్ము మీద మోకాలు పెట్టి నొక్కుతున్నవాడు ఈసారి దాన్ని తియ్యలేదు. రెండో మలుపు దగ్గర ఆవిడ పిలిస్తే, గొంతు పెగలక చెయ్యెత్తి ఊపాడు. ఆవిడ వెనక్కి తిరిగి, ఆ ఎత్తిన చెయ్యి చూసి, ధైర్యంగా దిగిపోయింది. కింద కూతురు ఎదురు పరిగెత్తుకొచ్చి, "అమ్మా, దిగేశావే!" అని కావలించుకుంది. ఇద్దరూ నవ్వారు, కాస్త ఏడ్చారు. ఆ సంబరంలోనే ఆవిడ కర్రని జాగ్రత్తగా తీసుకెళ్ళి, రోజూ అన్నయ్య పెట్టే చోటే పెడదామని వంటగుడారం ముందు నేలలో గుచ్చింది. ఆయన వెనకే వస్తున్నాడు కదా.

లోపల కూర కలుపుతున్న వంటామె తలెత్తింది. గుడారం వాకిట్లో కర్ర. మూత మీద గరిటెతో టంగుటంగుమని కొట్టింది.

పైన బండ దగ్గర తోకమావయ్య ఆ మోత విన్నాడు. ఇన్నేళ్ళూ దాన్ని గుడారం పక్కన నిలబడి, చెవులు మూసుకుంటూ విన్నాడే కాని, ఇంత దూరాన్నించి ఎప్పుడూ వినలేదు. ముందు కోపం వచ్చింది. 'ఈవిడకి మతిపోయిందా, నేను రాకుండానే కొట్టేసింది!' తర్వాత కర్ర సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. చేరిందన్నమాట, దర్జీ ఆవిడ. వెనక్కి తిరిగి పైన దారంతా ఓసారి చూశాడు. ఖాళీ. ఒక్కళ్ళు కూడా లేరు. పాత అలవాటు కొద్దీ జేబులోంచి టోపీ, మేజోడు, సీసా మూత తీసి, వేలంపాటకి వరసగా ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద కంచాల చప్పుడు, నవ్వులు. హాయిగా ఉంది. కాసేపాగి దిగుదామని కళ్ళు మూసుకున్నాడు.

భోజనాలు సగమయ్యాయి. ఎవరో కుర్రవాడు తల తడుముకుని, "నా నీలం టోపీ ఏది? వేలంపాట ఇంకా మొదలుపెట్టలేదేం?" అన్నాడు. మేనకోడలు కంచం కింద పెట్టింది. కర్రకేసి చూసింది, కర్ర పక్కన మనిషి లేకపోవడం చూసింది. పరిగెత్తింది.

ఇంకా వెలుగుంది. మలుపు తిరగ్గానే ఆయన ఎదురుగా కనబడ్డాడు, బండకి ఆనుకుని, మకాం వైపే మొహం పెట్టుకుని. ఆమె ముందు కూర్చుని ఆయన చేతులు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. "అందరూ వచ్చేశారు మావయ్యా" అంది. "నీ వెనక ఒక్కళ్ళు కూడా లేరు."

దర్జీ ఆవిడ మాత్రం, "కర్ర నేనే పెట్టానమ్మా, నేనే" అంటూ గుండెలు బాదుకుంది. మేనకోడలు ఆవిణ్ణి దగ్గరికి తీసుకుంది. "ఆయన తన కర్ర ఇంకొకళ్ళకిచ్చింది ఒక్కసారే అత్తా. మీకిచ్చాడు."

తెల్లవారాక పార్కు కావలివాళ్ళు స్ట్రెచర్ తెచ్చారు. ఎక్కడ నడవాలని అడిగితే, మేనకోడలు ముందుకి చూపించింది. అలా తోకమావయ్య మొదటిసారి అందరికంటే ముందు బయలుదేరాడు. బృందమంతా ఆయన వెనక, ఆయన వేగానికే నడిచింది. వంటవాళ్ళు కూడా అడ్డదారి పట్టలేదు. గుడారాలు విప్పిన పచ్చిక మీదుగా ఒక్కొక్కళ్ళే ఆ కర్ర పక్కనించి వెళ్ళారు. చేతితో ఓసారి తాకారు. ఎవరూ పీకలేదు. దాన్ని ఆఖర్న వచ్చేవాళ్ళు తీస్తారు, రోజూ జరిగేది అదే కాబట్టి, ఈరోజూ వెనకవాళ్ళెవరో తీసుకొస్తారనుకున్నారు. నలిగిన గడ్డి మధ్య, వంటగుడారం లేచిపోయిన చోట, పిడికి ఎర్రగుడ్డ చుట్టిన కర్ర ఒక్కటీ నిలబడి ఉంది.