మిట్టమధ్యాహ్నపు వెన్నెల

కడియంలో కుక్కుటేశ్వరరావు నర్సరీలో ఒకనాడు మిట్టమధ్యాహ్నం వెన్నెల కాసింది. రోళ్లు పగిలే ఎండలో దాన్ని కాయించినవాడు రాజమండ్రి నుంచి వచ్చిన ఫొటోల మహేంద్ర. కాయించమన్నవాడు కుక్కుటేశ్వరరావు.

అవసరం అలాంటిది. గేటు నుంచి మోటారు షెడ్డు దాకా దారికి రెండు పక్కలా ఆయన రాయల్ పామ్ చెట్లు పెంచాడు. పక్క నర్సరీ అచ్చిబాబు వాటి తోటివాటిని లేతగా ఉన్నప్పుడే బేరం తెగ్గొట్టి లారీ ఎక్కించేశాడు. అచ్చిబాబు ధరకే అమ్మితే అచ్చిబాబుతో సమానమైపోమా అని కుక్కుటేశ్వరరావు బిగదీసుకు కూర్చున్నాడు. చెట్లకు ఆ బిగువు లేదు. అవి పెరిగాయి. ఈ వానాకాలం దాటితే లారీలో పట్టవు. లారీలో పట్టని చెట్టు కడియంలో సరుకు కాదు, నీడ. నీడను కొనేవాడు ఇంకా పుట్టలేదు.

సరిగ్గా అప్పుడు విశాఖపట్నం నుంచి కబురొచ్చింది. సముద్రం ఒడ్డున రిసార్టు కడుతున్నారు, అందులో వెన్నెల్లో తిరగడానికే ఒక తోట వేస్తున్నారు. ఆ తోటకు నమూనా గీస్తున్న హేమశ్రీ అనే ఆవిడ, మీ చెట్లు వెన్నెల్లో ఎలా ఉంటాయో ఫొటో పంపమంది. కుక్కుటేశ్వరరావు తన ఫోనుతో తీయబోయాడు. దోమలు బాగానే కుట్టాయి గాని, ఫొటోలో చీకటి తప్ప ఏమీ పడలేదు. అప్పుడు మహేంద్రను పిలిపించాడు.

కంటికి కనపడని వెలుగును పట్టే కెమెరా ఉంది మహేంద్ర దగ్గర. ఇన్‌ఫ్రారెడ్ అంటాడు. మామూలు కెమెరాకే కడుపు కోయించి, లోపలి అద్దం మార్పించి తెచ్చుకున్నాడు. అందులో ఎండపడ్డ ఆకులు వెండిలా పడతాయి, ఆకాశం నల్లగా పడుతుంది. ఆ మీదట కంప్యూటర్లో కాస్త నీలం కలిపి ఓ చంద్రుణ్ణి అంటిస్తే వెన్నెల తయారు. చంద్రుణ్ణి ఎప్పుడో తీసి దాచుకున్నాడు. ఎవరి తోటకైనా అదే చంద్రుడు.

ఈ విద్యను అతను మొదట పెళ్లిళ్లలో చూపించాడు. ధవళేశ్వరం గట్టు మీద కొత్త జంటను నిలబెట్టి తీస్తే, పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర తెల్లచీరై కూర్చుంది. అత్తగారు ఆల్బం మూసేసి, మా అబ్బాయి ఇంకా బతికే ఉన్నాడయ్యా అంది. అప్పటి నుంచి మహేంద్ర మనుషుల్ని వదిలి చెట్ల మీద పడ్డాడు. చెట్లకు అత్తగార్లుండరు.

ఫొటో అనగానే కుక్కుటేశ్వరరావుకు గేటు దగ్గరి నాలుగు చెట్లు గుర్తొచ్చాయి. కొమ్ముపురుగు తలలోని మొవ్వు తినేస్తే అవి ఎప్పుడో చచ్చాయి. మట్టలు ఎండి వేలాడుతున్నాయి. కొట్టించెయ్యండని భార్య అన్నపూర్ణమ్మ చెబుతూనే ఉంది. గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు ఉండగా కొట్టించడం దేనికని ఆయన ఆ మట్టలకు పెయింటు వేయించాడు. దూరం నుంచి చూస్తే నవనవలాడుతున్నాయి. ఆ మాట ఆయనే అన్నాడు, ఇంకెవరూ అనలేదు.

ఎండ ఎంత ముదిరితే వెన్నెల అంత బాగా పడుతుందని మహేంద్ర చెప్పాడు. రాత్రి ఫొటో కదా అని కుక్కుటేశ్వరరావు శాలువా కప్పుకొచ్చి చెట్ల మధ్య నిలబడ్డాడు. లోపల ఉడికిపోతున్నాడు. కాస్త చలేస్తున్నట్టు ఉండండి బాబాయ్ గారూ అని మహేంద్ర అడిగితే, పళ్లు కూడా టకటకలాడించాడు.

ఆఫీసు గదిలో మహేంద్ర కంప్యూటర్ తెరిచి నీలం కలిపాడు, చంద్రుణ్ణి అంటించాడు. తోటంతా వెండిపోత పోసినట్టు వచ్చింది. ఆ మెరుపు చూసి ఆగలేక కుక్కుటేశ్వరరావు ముందు ఫొటోను హేమశ్రీకి పంపించేశాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చూశాడు. గేటు దగ్గరి నాలుగు చెట్లూ బొగ్గుల్లా ఉన్నాయి.

"ఇవేంటయ్యా ఇలా మాడిపోయాయి?"

ఈ కెమెరాకు మనం చూసే రంగుతో పని లేదని మహేంద్ర విప్పి చెప్పాడు. బతికున్న పచ్చి ఆకైతే తెల్లగా పడుతుంది. ఆ పెయింటు నల్లగా పడింది, అంతే.

మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ అన్నపూర్ణమ్మ అంతా విన్నది.

"పచ్చి ఆకు తెల్లగా పడుతుంది, పచ్చి అబద్ధం నల్లగా పడుతుంది. బాగానే ఉందయ్యా నీ కెమెరా."

మహేంద్ర గబగబా ఆ నాలుగింటినీ కూడా తెల్లగా దిద్దేశాడు. రెండో ఫొటో పంపేలోపే ఫోను మోగింది. హేమశ్రీ. తెల్లచెట్లు సరే గాని, గేటు దగ్గరి ఆ నల్లాకుల చెట్లు ఏ రకమండీ అని అడిగింది. ఇంత కాలం ఈ పని చేస్తున్నాను, అలాంటివి ఎక్కడా చూడలేదంది.

నిజం చెప్పడానికి కుక్కుటేశ్వరరావుకు అప్పుడొక అవకాశం వచ్చింది. ఆయన దాన్ని పక్కకు జరిపాడు.

"అవాండి? బ్లాక్ రాయల్ అండి మేడం గారూ. థాయిలాండు సరుకు."

అలాంటివి దారి పొడవునా పెట్టాలని ఉంది, ఎన్నున్నాయని ఆవిడ అడిగింది. కిటికీలోంచి రెండు వరసల చెట్లనూ ఒకసారి చూసి, మీకు ఎన్ని కావాలంటే అన్ని అన్నాడు. అయితే వచ్చి చూస్తానంది.

మర్నాడే ఆయన ఆటోలకు రంగులేసే సామ్యేలును స్ప్రే మిషనుతో పిలిపించాడు. బతికున్న చెట్లన్నిటికీ ఆకుపచ్చ పెయింటు కొట్టమన్నాడు. పచ్చటి చెట్టుకు పచ్చ రంగు వేయడమేంటని సామ్యేలు ఒకటికి రెండుసార్లు అడిగి, మనకెందుకులే అని మొదలెట్టాడు. అన్నపూర్ణమ్మ మాత్రం ఊరుకోలేదు.

"బతికున్న చెట్లండి అవి."

"చచ్చినవాటికే అంత గిరాకీ వచ్చింది. బతికున్నవాటికి రాదా ఏంటి?"

మహేంద్ర మళ్లీ వచ్చి తీశాడు. ఈసారి రెండు వరసలూ కాటుక పూసినట్టు పడ్డాయి. కుక్కుటేశ్వరరావు ఆ ఫొటోను అచ్చిబాబుకు కూడా పంపాడు. లారీలు వచ్చే దారికి అడ్డమొచ్చే వేరే చెట్ల కొమ్మలు కొట్టించాడు. హేమశ్రీ వచ్చే రోజు పొద్దున్నే, పెద్దమనిషి వస్తోంది కదా అని చెట్లకు ఇంకో పూత వేయించాడు.

ఆవిడ తెల్ల చుడీదారులో కారు దిగింది. కళ్లు చెదిరేంత పచ్చగా ఉన్న చెట్లను చూసి, నల్లవి ఎక్కడున్నాయని అడిగింది. ఇవేనండి, పగలు పచ్చగానే ఉంటాయి, వెన్నెల పడితే నల్లబడతాయి, జాతి గుణమండి అని కుక్కుటేశ్వరరావు చెప్పాడు. ఆవిడ కిందికి వాలిన ఒక ఆకును పట్టుకుని చూసింది. వదిలేసరికి అరచెయ్యి ఆకుపచ్చగా ఉంది. తెలియక ఆ చేతిని దుస్తులకు తుడుచుకుంది.

"ఏంటండి ఇది?"

"పురుగు మందండి."

ఆవిడ గోటితో ఆకు మీద గీరింది. పొరలా పెయింటు లేచింది. కింద లేత ఆకు బయటపడింది.

"లోపల చెట్టు బ్రహ్మాండంగా ఉందే," అంది. "నల్లవి నచ్చకపోతే పచ్చవే తీసుకుందామని లారీలు కూడా మాట్లాడుకుని వచ్చానండి. ఈ పూతతో ఇవి ఇంకెక్కడ బతుకుతాయి?"

మజ్జిగ తాగమన్నా తాగకుండా వెళ్లిపోయింది.

కుక్కుటేశ్వరరావు ఆ సాయంత్రమే కిరసనాయిలు తెప్పించి ఆకులన్నీ తుడిపించాడు. పెయింటు మిగిల్చినదాన్ని కిరసనాయిలు పూర్తి చేసింది. ఆకులు కమిలి, మొవ్వులు వడలి, తొలకరి పడేనాటికి రెండు వరసలూ మాడి నిలబడ్డాయి. అచ్చిబాబు కంచె అవతల నుంచి చూసి ఒక్కటే మాటన్నాడు.

"బావా, ఇప్పుడు కెమెరా లేకుండానే నల్లగా కనబడుతున్నాయే."

చివరికి కొట్టించక తప్పలేదు. మొద్దులు ట్రాక్టరులో వేసి కాలువ గట్టున పారబోయించారు.

మహేంద్ర దిద్ది ఇచ్చిన మొదటి ఫొటోకు మాత్రం కుక్కుటేశ్వరరావు అద్దం కట్టించి ఆఫీసు గదిలో పెట్టాడు. అరువు చంద్రుడి కింద వెండి చెట్లు, వాటి మధ్య శాలువాలో మొహం పాలిపోయిన ఆయన. మొక్కలకు వచ్చినవాళ్లు ఆగి చూస్తారు. ఈ చెట్లు ఎక్కడున్నాయండీ అని అడుగుతారు.

"వాటికి మంచి గిరాకీ అండి. ఎప్పుడో లారీ ఎక్కేశాయి," అంటాడు ఆయన.

లోపలి నుంచి అన్నపూర్ణమ్మ సరిదిద్దుతుంది.

"ట్రాక్టరండి."