సూర్యం మావ ఇంటి వైఫై

కరెంటు పోయి గంటయింది. జీడిపప్పు గోడౌను పైన, రేకుల కప్పు కింద, పద్నాలుగు మంది ఆడపిల్లలు ఇన్వర్టర్ మీద నడుస్తున్న కంప్యూటర్ల ముందు చెమటలు కక్కుతున్నారు. మేనేజర్ త్రినాథ్ తన గదిలోంచి పరుగున వచ్చాడు.

"బతికిపోయాం! దొంగ దొరికేసినాడంట!"

రోజా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

కాశీబుగ్గలోని ఆ సెంటర్‌కి పని విశాఖపట్నం నుంచి వస్తుంది. అక్కడ ఇరవై రెండు వేలు ఇవ్వాల్సిన పని ఇక్కడ ఎనిమిదిన్నర వేలకి అయిపోతుంది. ఈ నెల వచ్చిన పని మాత్రం వింతైనది. ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నియర్‌షోర్ ఔట్‌సోర్సింగ్ మీద వ్యాసం ఉంది. పనిని దూరదేశాలకి కాకుండా పొరుగునే చవగ్గా దొరికే చోటికి పంపడం గురించి. కానీ అందులో ఉన్నదంతా ఒక కంపెనీ గొప్పలే. ఇది ప్రకటన, తీసేద్దామా ఉంచుదామా అని అక్కడ జీతం లేకుండా రాసేవాళ్లు చర్చ పెట్టారు. కంపెనీ విశాఖకి చెప్పింది, విశాఖ త్రినాథ్‌కి చెప్పింది: పిల్లల చేత తలా కొన్ని దొంగపేర్లతో 'ఉంచాలి' అని రాయించు.

ఆఫీసు నెట్ నుంచి రాస్తే దొరికిపోతారు కాబట్టి ఇళ్ల నుంచి రాయమన్నాడు త్రినాథ్. ఉద్దానంలో సముద్రం ఒడ్డున ఉన్న రోజా వాళ్ల ఊళ్లో ఫోన్ సిగ్నల్ నిలవదు. కేబుల్ నెట్ ఉన్నది మేనమామ సూర్యం ఇంట్లోనే. ఆ ఊళ్లో ఎవరైనా గుమ్మంలోకి వస్తే ముందు మంచినీళ్లు ఇస్తారు, తర్వాత వైఫై ఇస్తారు. ఆదివారం రోజా ఆ రెండూ తీసుకుంది. మావయ్య కొబ్బరిబొండం కొడుతుండగా, ఆయన అరుగు మీదే కూర్చుని, లేని మనుషులు ముగ్గురి పేర్లతో 'ఉంచాలి' అని రాసింది.

"ఎవడు సార్ దొరికింది?" పక్క సీటులో ఉమ అడిగింది.

"ఎవడో సూర్యం అంట. మూడు దొంగ పేర్లూ, ఆడి పేరూ ఒకే ఇంటి కనెక్షన్ నుంచి వచ్చినాయంట. నాలుగు ఖాతాలూ మూసేసినారు. మన మీద డౌటే లేదు!" త్రినాథ్ రోజా వైపు తిరిగాడు. "నువ్వు ఇంకో కొత్త పేరుతో రాయమ్మా. ఈ సూర్యం ఎప్పుడూ ఇంతేనని రెండు ముక్కలు. ఫైలు క్లోజ్ అయిపోద్ది."

రోజా లేచి నిలబడింది. "నేను రాయను సార్."

"ఏటి?"

"రాయను."

ఉమ ఆమె చున్నీ పట్టుకుని లాగింది. "కూసోయే! నోరిప్పినావంటే మా అందరికీ అన్నం నువ్వెడతావేటి?"

రోజా చున్నీ విడిపించుకుంది. బ్యాగు తీసుకుని మెట్లు దిగింది.

సూర్యం పలాస డయాలసిస్ కేంద్రంలో ఉన్నాడు. ఒకప్పుడు పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. కిడ్నీలు పోయాక మిగిలిన పని ఒకటే. ఒక చెయ్యి మిషనుకి ఇచ్చి, రెండో చేత్తో ఫోన్‌లో తన ఒడ్డు గురించి ఆ సర్వస్వంలో రాయడం. వలల గురించి, చేపల గురించి, నీళ్ల గురించి.

"ఒచ్చినావా? నీకే ఫోన్ సేద్దామనుకున్నాను," అన్నాడు. "నన్ను దొంగంటన్నారే. ఆదివారం నువ్వు సెప్పినావు కదా, ఆ వ్యాసం గొడవ? నాను ఆ రాత్రి ఇంటికాడే సదివి, సంగతి నిజమే, ఉంచండి, కంపెనీ డప్పు తీసేసి పనిసేసే వోళ్ల జీతాలు రాయండి అన్నాను. అదీ తప్పేనేటే?"

"నువ్వు కాదు మావ. ఆ మూడు పేర్లూ నేనే."

సూర్యం నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"నా అరుగు మీద కూసోని రాసినావా?"

"ఊఁ."

"నాను బొండం కొడతన్నప్పుడా?"

రోజా తల ఎత్తలేకపోయింది. ఆయన గోడ వైపు తిరిగాడు. పక్క మంచం మీది ముసలామె మూలుగుతోంది. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనుకుంది రోజా. ఇటు తిరక్కుండానే అన్నాడు.

"నన్నెవులూ నమ్మరు. నువ్వే సెప్పాల."

"ఆ మూడు పేర్లూ మూసేశారు మావ. కొత్త ఖాతా తెరవాలి. కొత్తదాని మాట నమ్ముతారో లేదో."

"నమ్మకపోతే పోనీ. రాయి."

రోజా ఫోన్ తీసింది. పేరు అడిగింది తెర. 'రోజా' అని కొట్టింది. ఆ పేరు ఇంకెవరో వాడుతున్నారు, మరొకటి ఎంచుకోమంది. వేళ్లు అలవాటుగా ఇంకో అబద్ధపు పేరు వైపు పోబోయాయి. బిగబట్టి, అక్షరం తర్వాత అక్షరం, ఇంటిపేరుతో సహా కొట్టింది: మైలపిల్లి రోజా, ఉద్దానం.

ఖాతా తెరుచుకుంది.

"ఏం పేరెట్టినావు?" గోడ వైపు నుంచే అడిగాడు సూర్యం.

"నా పేరే మావ. ఇంటిపేరుతో."

"మీ మేనేజరు తినాదు సూత్తాడు కదే. పనీ పోద్ది."

"సూడనీ."

సూర్యం ఇటు తిరగలేదు. రోజా మంచం అంచున కూర్చుని మొదటి వాక్యం మొదలుపెట్టింది.